చిరంజీవి కీర్తనకు: సర్కారు సాఫ్ట్‌వేర్ కొలువులో చేరే ముందు

చిరంజీవి కీర్తనకు అమ్మ ఆశీస్సులు.

నీ ఆర్డర్ కాపీ చూశాను తల్లీ. ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ కట్టే కేంద్ర సంస్థ ఎన్‌ఐసీలో సైంటిస్ట్-బి, లెవెల్ 10, మూల వేతనం 56,100. హైదరాబాద్‌లోనే, భూ రికార్డుల పని మీద వేస్తారని రాశావు. జీతం, ప్రమోషన్లు, బదిలీల సంగతి సీనియర్లు ఎలాగూ చెబుతారు. నేను పని గురించి రాస్తాను. ఈ పనిలో జరిగే పొరపాట్లు చాలావరకు కోడ్‌లో పుట్టవు, రికార్డు అర్థం కాకపోవడం వల్ల పుడతాయి. పైగా నువ్వు రాసే అప్లికేషన్ నచ్చకపోతే ఇంకోటి వాడుకునే దారి రైతుకు లేదు. ఆయన భూమి ఉన్నది ఆ ఒక్క టేబుల్లోనే.

ముందు విస్తీర్ణం సంగతి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. రెండు చోట్లా చుక్క పెట్టే రాస్తారు. ఇక్కడి పహాణీలో (ఊరి భూముల సాగు రికార్డు) 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. అక్కడ దానికి సమానమైన అడంగల్‌లో అదే 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు. చుక్క చూసి దీన్ని డెసిమల్ కాలమ్‌లో పెట్టావంటే మూడు రకాలుగా దెబ్బతింటావు. 1.30కి 1.30 కలిపితే కంప్యూటర్ 2.60 అంటుంది, నిజానికి అది 3 ఎకరాల 20 గుంటలు. 1.20 కాస్తా తెర మీద 1.2 అవుతుంది, దాన్ని ఎవరో ఎకరం రెండు గుంటలని చదువుతారు. ఎకరం 39 గుంటలకు ఒక గుంట కలిపితే 2.00 రావాల్సింది 1.40 వస్తుంది. అందుకే విస్తీర్ణాన్ని ఎప్పుడూ ఒకే చిన్న కొలతలో పూర్ణాంకంగా దాచు. అర గుంట, పావు గుంట కూడా వస్తాయి కాబట్టి గుంటలో నూరో వంతు తీసుకుంటే సరిపోతుంది. తెర మీద చూపేటప్పుడే ఎకరాలు, గుంటలుగా విడగొట్టు. చుక్క తర్వాత 40గానీ అంతకు మించిగానీ వస్తే ఆ ఎంట్రీని తీసుకోవద్దు. పాత డేటా తెచ్చుకున్న రోజే ఈ తనిఖీ నడిపితే తప్పుడు వరుసలు చాలా బయటపడతాయి. గజాల్లోకి మార్చాల్సి వస్తే గుంటకు 121, సెంటుకు 48.4.

సర్వే నంబరు పేరుకే నంబరు, దాన్ని టెక్స్ట్‌గానే ఉంచాలి. 12/1 ఉన్న ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే అది తేదీ అయిపోతుంది. మళ్లీ టెక్స్ట్‌గా మార్చినా ఐదంకెల సంఖ్య మిగులుతుంది గానీ 12/1 తిరిగిరాదు. మండల ఆఫీసు నుంచి వచ్చిన షీట్‌ను ఎక్సెల్‌లో ‘ఒకసారి చూసి’ సేవ్ చేయడం మానెయ్. నేరుగా సీఎస్‌వీ నుంచి ప్రతి కాలమూ టెక్స్ట్‌గా ఎక్కించు. ఇక సర్వే నంబరు తర్వాత గీత పక్కన వచ్చే బై నంబర్లలో అ, ఆ, ఇ ఉంటాయి. వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఏది అ, ఏది ఆ అన్నది ఆపరేటర్‌కో రకంగా తయారవుతుంది. 123/అ ఒకరిది, 123/ఆ ఇంకొకరిది. డ్రాప్‌డౌన్‌లో తెలుగు అక్షరమే ఇవ్వు.

తెలుగు పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్ దాచే పద్ధతి) ప్రతి తెలుగు కోడ్‌కూ మూడు బైట్లు పడతాయి. లక్ష్మి అన్న పేరు చూడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు కోడ్లు, 21 బైట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో కాలమ్ రకం వర్‌చార్2(20) అని రాస్తే అది మామూలుగా బైట్ల లెక్క, కాబట్టి రెండక్షరాల లక్ష్మి అందులో పట్టదు! ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వర్‌చార్ పెడితే పేరు బదులు ప్రశ్నార్థకాలు దిగుతాయి, ఎన్‌వర్‌చార్ కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో నిడివి అక్షరాల లెక్కలో కొలుస్తారు గానీ అక్కడా పొల్లు, గుడి విడివిడి అక్షరాలే. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు కలిపి రాసే చోట ఎంత ఉదారంగా నిడివి ఇచ్చినా నష్టం లేదు.

కంటికి ఒకేలా కనబడి కంప్యూటర్‌కు వేరుగా కనబడే పేర్లు కూడా ఉంటాయి. ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం తర్వాత ఐత్వపు గుర్తు పెట్టి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. సైదులు అన్న పేరును ఈ రెండు విధాలా రాస్తే తెర మీద ఒకటే, పోలిస్తే వేరు. అందుకే డేటా లోపలికి వచ్చే ప్రతి దారిలోనూ ఇలాంటివాటిని ఒకే కోడ్‌గా మార్చే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ నడపాలి. శ్రీనివాస్‌రావు లాంటి పేర్లలో సకారం కింద రావత్తు పడకుండా కనిపించని విరామ గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు అది పెడతారు, ఇంకొకరు ఖాళీ వదులుతారు, మరొకరు కలిపేస్తారు. పేరున్న కాలమ్‌లోంచి దాన్ని తీసేయకు, పాస్‌బుక్కులో పేరు చెడిపోతుంది. వెతకడానికి వేరే కాలమ్ పెట్టుకుని, అందులో ఈ గుర్తునూ ఖాళీలనూ చుక్కలనూ తీసేసి ఉంచు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు వస్తే కన్వర్టర్ ఇచ్చినదాన్ని నమ్మేయకు. ఒత్తులు, వట్రసుడి, క్ష ఉన్న పేర్లను ఏరి కాగితంతో పోల్చు.

పేర్లు దగ్గరగా ఉన్నాయని ఇద్దరినీ ఒక్కరిగా కలిపే పని ప్రోగ్రామ్‌కు అప్పజెప్పకు తల్లీ. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు రాములు ఉంటారు. పుట్టిన తేదీ తోడు తెచ్చుకుందామంటే, తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పిన పెద్దవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది. ప్రోగ్రామ్ ‘వీళ్లు ఒకరే కావచ్చు’ అని చూపాలి. తేల్చాల్సింది విచారణ చేసిన అధికారి, అదీ సంతకంతో. ఆధార్ నంబరును మీ టేబుళ్లలో ఎక్కడా నేరుగా ఉంచకండి. విడిగా భద్రపరిచే వాల్ట్‌లో పెట్టి, నంబరు బదులు దాని రిఫరెన్స్ కీతో పని నడపాలి, తెర మీద చివరి నాలుగంకెలే కనబడాలి. టెస్ట్ సర్వర్‌కు అసలు డేటా కాపీ కొట్టే అలవాటు చాలా టీముల్లో ఉంది. నీ టీములో ఉంటే మొదటి వారంలోనే అడ్డుచెప్పు.

జిల్లాలు, ఊళ్లు, బ్యాంకుల్లాంటి జాబితాలుండే మాస్టర్ టేబుళ్లన్నిటికీ ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అన్న రెండు తేదీలు తప్పనిసరి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26. పాత వరంగల్ జిల్లా పేరుతో ఇచ్చిన సర్టిఫికెట్ మళ్లీ ప్రింట్ తీస్తే ఆనాటి జిల్లా పేరే రావాలి, ఈనాటి అప్లికేషన్‌కు ఈనాటి జిల్లా రావాలి. జిల్లా పేరును అప్‌డేట్ కొట్టి మార్చిన చోట ఈ రెండూ కుదరవు. ఊరిని పేరుతో కాక ఎల్‌జీడీ కోడ్‌తో (కేంద్రం జాబితాలో ప్రతి ఊరికీ ఉన్న నంబరు) గుర్తించు. కొత్తపల్లులు, కొత్తగూడేలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు కదా. బ్యాంకుల విషయమూ అంతే. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిశాక ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారిపోయాయి. పాత కోడ్‌తో పంపిన డబ్బు వెనక్కొస్తుంది, లబ్ధిదారుకు మాత్రం ‘జమ అయింది’ అన్న మెసేజ్ ముందే పోయి ఉంటుంది. బ్యాంకు నుంచి ఖరారు ఫైల్ వచ్చేదాకా ఆ మెసేజ్ పంపకూడదు.

చట్టాలకూ జీవోలకూ ఇదే సూత్రం. ఇక్కడ 1971 నాటి ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం, దాని స్థానంలో ధరణి పోర్టల్‌ను తెచ్చిన 2020 చట్టం, దాని స్థానంలో 2025లో భూభారతి చట్టం. ఒక్కో దానిలో అధికారి వేరు, గడువు వేరు, అప్పీలు దారి వేరు. దరఖాస్తు పెట్టిన నాటి నియమం ఒకటి, ఉత్తర్వు ఇచ్చే నాటికి ఇంకొకటి అయిన కేసులు తప్పక వస్తాయి. రుసుము, గడువు, అర్హత వయసు లాంటివి కోడ్‌లో రాయకుండా టేబుల్లో పెట్టు. పక్కనే జీవో నంబరు, తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ ఉంచు. ఈ రెండు తేదీలూ ఒకటి కావు. వెనకటి తేదీ నుంచి వర్తించే జీవోలూ వస్తుంటాయి.

కోడ్‌లో పెట్టకపోవడానికి ఇంకో కారణం సెక్యూరిటీ ఆడిట్. దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్ ‘సేఫ్ టు హోస్ట్’ సర్టిఫికెట్ ఇస్తేనే అప్లికేషన్ సర్వర్ మీదికి ఎక్కుతుంది. కోడ్ చెప్పుకోదగ్గట్టు మారితే మళ్లీ ఆడిట్. తొలి రిపోర్టు, సవరణలు, మళ్లీ పరీక్ష అంటూ వారాలు పోతాయి. తెల్లారి నుంచి అమలు కావాల్సిన రుసుము మార్పుకు అంత సమయం ఎవరూ ఇవ్వరు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు కూడా చదువుకో. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉండాలి, సర్వర్ గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్‌తో సరిపోవాలి. గడియారం రెండు నిమిషాలు తేడా ఉన్నా ఏ సంతకం ముందో ఏది వెనకో కోర్టులో చెప్పలేం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఫోన్ వస్తుంది. ‘అమ్మా, ఈ ఒక్క సర్వే నంబరు బ్యాక్‌ఎండ్‌లో సరిచేసెయ్, చిన్న క్లరికల్ మిస్టేక్’ అంటారు. అడిగేది పెద్ద అధికారే కావచ్చు, చెప్పేది నిజమే కావచ్చు. అయినా చేయకు. మర్యాదగా ‘సార్, ఈ-ఆఫీస్‌లో ఫైల్ పంపండి, వచ్చిన వెంటనే చేస్తాను’ అను, అన్నట్టే వెంటనే చెయ్. మార్పు స్క్రిప్టు ఒకరు రాయాలి, ఇంకొకరు చూడాలి. పాత విలువ, కొత్త విలువ, ఫైల్ నంబరు, ఆదేశించినవారు, చేసినవారు, సమయం ఈ ఆరూ చెరపడానికి వీల్లేని టేబుల్లో పడాలి. డిలీట్ అన్న మాటే వద్దు, వరుసను రద్దయినట్టు గుర్తించడమే. ఏడెనిమిదేళ్ల తర్వాత సమాచార హక్కు కింద ఎవరైనా అడిగినా, కాగ్ ఆడిట్ వచ్చినా, వారసుల కేసు కోర్టుకెక్కినా జవాబు చెప్పేది ఆ టేబులే. అలాంటి ఫోన్లు పదేపదే వస్తుంటే తెర మీద సవరణ మాడ్యూల్ లేదని అర్థం. దాన్ని కట్టించడానికి నోట్ పెట్టు.

డిజిటల్ సంతకం ఉండే డీఎస్‌సీ డాంగిల్‌ను అధికారి ఆపరేటర్‌కు ఇచ్చేస్తాడని అందరూ తిట్టుకుంటారు. ఎందుకిస్తాడో కూడా ఆలోచించు. ఒక్కో దరఖాస్తుకు ఐదు పేజీలు తెరిచి, ప్రతిసారీ పిన్ కొట్టాలంటే రోజుకు రెండొందల ఫైళ్లు ఆయనకు సాధ్యం కాదు. ముఖ్యమైన నాలుగు వివరాలు ఒకే తెర మీద పెట్టి, తేడా ఉన్నవాటిని రంగుతో చూపి, చూసినవాటికి ఒకేసారి సంతకం చేసే వీలిస్తే డాంగిల్ ఆయన జేబులోనే ఉంటుంది.

మీ సేవ 2011 నుంచి ఉంది, అక్కడి ఆపరేటర్లకు తెలిసినంత ఏ మేనేజర్‌కూ తెలియదు. చేరిన మొదటి నెలలో ఒక సోమవారం పొద్దున ఏదైనా కేంద్రంలో పక్కన కూర్చుని చూడు. సగం ఫారం నింపాక నెట్ పోతే మళ్లీ మొదటి నుంచి కొడుతున్నారా? డబ్బు కట్ అయి అప్లికేషన్ నంబరు రాకపోతే ఏం చేస్తున్నారు? రెండోసారి కడుతున్నారంటే తప్పు మనది. చెల్లింపుకు పంపకముందే అప్లికేషన్ నంబరు పుట్టాలి. జవాబు రాకపోతే ‘విఫలం’ అనకుండా బ్యాంకును స్థితి అడగాలి, మర్నాడు బ్యాంకు స్క్రోల్‌తో (చెల్లింపుల జాబితా) సరిచూడాలి. ఒకే నంబరుకు రెండు చెల్లింపులు వస్తే రెండోది తనంతట తాను వాపసు పోవాలి. ‘ఎర్రర్ అక్కర్డ్’ అని రాయకండి. ‘డబ్బు కట్ అయింది, మళ్లీ కట్టొద్దు, రేపు ఈ నంబరుతో చూసుకోండి’ అని తెలుగులో రాయండి.

బయటి కంపెనీ కట్టిన అప్లికేషన్‌ను అప్పగించుకోమంటే పెన్‌డ్రైవ్‌లో కోడ్ వచ్చిందని సంతకం పెట్టేయకు. ఏమీ లేని మెషీన్ మీద వాళ్ల డాక్యుమెంట్ మాత్రమే చూసి నువ్వే బిల్డ్ చెయ్. ఇప్పుడు నడుస్తున్నదీ నువ్వు బిల్డ్ చేసిందీ ఒకటేనా అని చూడు. డేటాబేస్ ప్రొసీజర్లు, రాత్రిపూట నడిచే జాబులు, యాప్ స్టోర్ ఖాతా, ఎస్‌ఎంఎస్ టెంప్లేట్లు, సర్టిఫికెట్ కీలు అన్నీ ప్రభుత్వం పేరు మీదికి వచ్చాయా అని ఒక్కొక్కటీ అడుగు. బ్యాకప్ ఉందంటే ఒకదాన్ని వేరే సర్వర్ మీద రిస్టోర్ చేసి చూపమను.

ఇక చేరే రోజు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సెల్ఫ్ అటెస్ట్ చేసిన రెండు సెట్ల కాపీలు, ఫొటోలు. అటెస్టేషన్ ఫారంలో గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న చిరునామాలన్నీ అడుగుతారు. వరంగల్ హాస్టల్, బెంగళూరు పీజీ తేదీలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాయి, తేడా వస్తే పోలీసు వెరిఫికేషన్ ఆగిపోతుంది. పింఛను ఎన్‌పీఎస్‌లోనా యూపీఎస్‌లోనా ఎంచుకోమంటారు, గడువు దాటనీయకు. ముందు కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇంకా పోస్టులో రాలేదు, రాగానే నీకు స్కాన్ చేసి పంపిస్తాను.

ఇట్లు,
అమ్మ