లినక్స్‌లో రేడియో పలకకపోతే

సంపాదకుడి గారికి,

మీ టెక్ పేజీలో ఎప్పుడూ ఫోన్ల గొడవే, లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) గురించి కూడా నాలుగు ముక్కలు రాయండి సార్. మా పక్కింటి బాబాయిగారు పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ రకం వేయించుకుని ఆకాశవాణి విజయవాడ ఆన్‌లైన్లో విందామంటే చప్పుడే లేదు, రెండ్రోజులు ఒకటే టెన్షన్. ఎంపీ3 కోడెక్ (ఎంపీ3 ఆడియోని విప్పి వినిపించే సాఫ్ట్‌వేర్) లేదేమో అని ఎవరో భయపెట్టారట. తీరా చూస్తే సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐకి పెట్టి ఉంది, అంటే శబ్దమంతా బల్ల మీది మానిటర్‌కి పోతోంది, దానికేమో స్పీకర్లే లేవు. అది మార్చాం. అయినా ఎం3యూ8 అని ముగిసే రేడియో లింకును బ్రౌజర్ పాడకుండా డౌన్‌లోడ్ చేసేసింది. వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఆ లింకును అతికిస్తే వెంటనే వార్తలు మొదలయ్యాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు