ఎంగిలి ప్లేట్లు

ఏమే, ఎలా ఉన్నావ్? అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఈ సంగతి నీకు చెప్పందే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి మొన్న ఇంటికొచ్చింది. వాళ్ల తాతలది మెక్సికో, తను పుట్టి పెరిగిందంతా శాన్ ఆంటోనియోలో. పిల్లలు 1985 నాటి ‘ది గూనీస్’ సినిమా పెట్టారు. అందులో ఇంగ్లిష్ రాని కొత్త పనిమనిషి ఉంటుంది. చెయ్యి విరిగిన ఇంటావిడ బట్టలు ఎక్కడ సర్దాలో చెబుతుంటే, ఒక కుర్రాడు స్పానిష్‌లో మార్చి చెబుతాడు: పై సొరుగులో గంజాయి, దాని కింద కొకైన్ అని. ఆవిడ బెదిరిపోతుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. తను నవ్వలేదు. “ఆ పనిమనిషిగా వేసినావిడ పేరు తెలుసా?” అంది.

లూపే ఒంటివెరోస్. పుట్టింది మా టెక్సాస్‌లోనే, ఎల్ పాసోలో! నటి కాకముందు సోషల్ వర్కర్. శుభ్రమైన ఇంగ్లిష్ మాట్లాడితే వేషం వచ్చేది కాదట, యాస పెట్టమనేవాళ్లట. సుమారు 150 సార్లు పనిమనిషిగా వేశానని ఆవిడే చెప్పుకుంది. కష్టపడే ఆ చేతుల తరఫున నిలబడ్డానని గర్వపడేది కూడా. కానీ నూట యాభై సార్లేమిటే! 2012లో పోయింది.

ఇంకో నటి రీటా మొరెనో అయితే ప్యూర్టో రికో దీవిలోనే పుట్టింది. 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ సినిమాకి ఆమెతో సహా ప్యూర్టో రికో పాత్రలందరికీ ఒకటే ముదురు రంగు పూశారు. ఆస్కార్ వచ్చాక కూడా అవే వేషాలు వస్తుంటే ఏళ్ల తరబడి సినిమాలే చేయలేదు. కొలంబియా నుంచి వచ్చిన నటి సోఫియా వెర్గారాది పుట్టుకతో బంగారు రంగు జుట్టట. నల్లరంగు వేయించుకున్నాకే పనులు దొరికాయట.

ఇదంతా సినిమావాళ్ల గొడవ అనుకుందును, మా గృహప్రవేశం గుర్తు రాకపోతే. ఆ రోజు మా ఆఫీసు అమ్మాయి నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. మనవాళ్లలో ఒకావిడ వచ్చి ఎంగిలి ప్లేట్ల దొంతర తన చేతిలో పెట్టి, ముఖమైనా చూడకుండా వెళ్లిపోయింది. తను మాట్లాడకుండా తీసుకెళ్లి సింకులో పెట్టి, చేతులు కడుక్కుంది. నేను చూశానే. పరుగెత్తుకెళ్లి “ఈమె మా టీమ్ లీడ్” అని చెప్పాల్సింది. చెప్పలేదు. మొన్న క్షమించమని అడిగాను. “నాకు అలవాటే” అంది. ఆ మాటే గుచ్చుకుంటోంది.

వచ్చే శనివారం మళ్లీ వస్తుంది. ఈసారి 2002లో వచ్చిన ‘రియల్ విమెన్ హ్యావ్ కర్వ్స్’ చూస్తాం, లూపే అందులో అమ్మ. పులిహోర చేయమంది. మీ అమ్మ చింతపండు పులుసులో ఏం వేసి మగ్గిస్తుందో అడిగి రాయవే.

నీ
నేను