‘అల్పజీవి’ని డిగ్రీ మొదటి ఏడాదిలోనే చెప్పొచ్చు

సంపాదకులకు,

శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి గారి నవల ‘అల్పజీవి’ డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు కొరుకుడు పడదని, ఏదో ఒక కథతో సరిపెట్టుకోవాలని తెలుగు అధ్యాపకుల్లోనే ఒక మాట ఉంది. మేం ఒప్పుకోం. చిక్కంతా మొదలుపెట్టే తీరులో ఉంది. తొలి రెండు పీరియడ్లూ రచయిత జీవిత విశేషాలకు, ‘చైతన్య స్రవంతి’ (పాత్ర మనసులో పారే ఆలోచనలను పారినట్టే రాసే పద్ధతి) నిర్వచనానికి పోతాయి. నిర్వచనం బట్టీ పట్టినవాడు పరీక్ష గట్టెక్కుతాడు గానీ పుస్తకం తెరవడు.

ఆ నిర్వచనాన్ని ఆఖరి పీరియడ్‌కు వాయిదా వేయాలి. మొదటిరోజు ఒక్క పేజీ చాలు. నవలలో ముఖ్యపాత్ర సుబ్బయ్య, కాంట్రాక్టరు గవరయ్యకు జంకే ఘట్టం ఒకటి తీసుకుని అధ్యాపకులే నిదానంగా, పైకి చదవాలి. సుబ్బయ్య బయటికి అనేది ఒకటి, లోపల అనుకునేవి పది. ఆ అనుకోవడం ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు ప్రతిచోటా ఉండదు. గబగబా కళ్లతో చదివేవాళ్లు తప్పిపోయేది అక్కడే. గొంతు మారిందని చెవి పట్టేస్తుంది. తర్వాత ఆ పేజీ జిరాక్సు ఇచ్చి, నోటితో అన్న మాటలకు నీలం గీత, మనసులోవాటికి ఎర్ర గీత గీయమనాలి. ఏ రంగో తేలని వాక్యాలు కొన్ని మిగులుతాయి. అసలు పాఠం వాటి మీదే. ఈ మాట సుబ్బయ్యదా, రచయితదా అని పిల్లలు వాదించుకుంటుంటే ఆగలేక జవాబు చెప్పేస్తే తరగతి అక్కడితో సరి.

ఇంటికి 12 నుంచి 15 పేజీలు మించి ఇవ్వకూడదు, మించితే గైడు కొంటారు. మర్నాడు ఒకటే ప్రశ్న: సుబ్బయ్య ఎవరికి భయపడ్డాడు, ఆ భయం ఏ వాక్యంలో బయటపడింది? పేజీ నంబరు వేసి తీరాలి. అందుకే అందరి దగ్గరా ఒకే ముద్రణ ఉండాలి. నలుగురికి ఒక పుస్తకం చొప్పున 60 మందికి 15 ప్రతులు చాలు. రావిశాస్త్రి గారు 1993లో పోయారు, కాపీరైటు 2053 చివరిదాకా ఉంది. పుస్తకం మొత్తం జిరాక్సు తీయించడం తప్పు. తరగతిలో చెప్పడానికి కావలసిన భాగాన్ని తీసుకోవడానికి 1957 చట్టం ఒప్పుకుంటుంది.

ఇంకో పొరపాటు, సుబ్బయ్య పిరికివాడని తీర్పు చెప్పేయడం. దాంతో చదవాల్సింది ఏమీ మిగలదు. ఆఫీసు, బావమరిది వెంకట్రావు, గవరయ్య, ఇంట్లో భార్య సావిత్రి: వీళ్లలో ఎవరు ఎవరి మీద గొంతు లేపగలరో బోర్డు మీద బాణాలతో వేయించండి. ఆ భయం వెనక డబ్బూ హోదా ఎంతెంత ఉన్నాయో పిల్లలే చెబుతారు. జీతం, అప్పు, పెద్దమనిషి దగ్గర నోరు పెగలకపోవడం మన జిల్లా పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంత చేసినా ప్రశ్నపత్రంలో ‘సుబ్బయ్య పాత్రను విశ్లేషించండి’ అని వస్తే శ్రమంతా గైడు పాలే. తరగతిలో చెప్పని చోటునుంచి 15 పంక్తులు ఇచ్చి, ఏ మాట ఎవరిదో, ఎలా తెలిసిందో రాయమనాలి. పాఠ్య ప్రణాళికా సంఘాలు వచ్చే సెమిస్టరు నుంచే దీనికి 10 మార్కులు కేటాయించాలని కోరుతున్నాం.

- కొందరు తెలుగు అధ్యాపకులు, శ్రీకాకుళం