మీ పందిరి కిట్టు వల్ల చేతికందకుండా పోయిన సొరపాదు

హైదరాబాద్,
మే 6

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: తీగ కూరల పందిరి కిట్టులోని వల, కట్టువైరు, వాడకం కాగితంపై ఫిర్యాదు.

అయ్యా,

జనవరి చివర్లో మీ కిట్టు 2,150 రూపాయలకు తెప్పించుకున్నాను. ఎనిమిది గొట్టాలు, నైలాన్ వల, ఒక చుట్ట వైరు, ఎలా వాడాలో చెప్పే కాగితం వచ్చాయి. మిద్దె తోట నాకు ఇదే మొదలు. అందుకే కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను.

సొరతీగ పందిరెక్కాక కొస తుంచమన్నారు, తుంచాను. పక్క కొమ్మలొచ్చి ఆడపూలు బాగా పట్టాయి. ఆ సలహా మంచిదే, కాదనను. కానీ దాని కిందే ‘కాడను వైరుతో బిగించి మెలిపెట్టండి’ అని ఉంది. సొర కాడ మెత్తన, వారం వారం లావెక్కుతుంది. బిగించిన వైరు మాత్రం సాగదు కదా! ఏప్రిల్‌లో ఆకులు వాడిపోతుంటే నీళ్లు చాలడం లేదనుకుని ఇంకా పోశాను. చివరికి ఆకులు పక్కకు తీసి చూస్తే, వైరు కాడలోకి దిగిపోయి ఉంది. విప్పబోతే పైపొర దానితోపాటే ఊడొచ్చింది, నా వేళ్లకు పసరు అంటింది. ఆ కొమ్మకు ఆరు పిందెలున్నాయి. ఇంకా నూగు కూడా రాలలేదు.

పక్కింటి పెద్దమ్మ చూసి ‘పాత చీర పేలిక గానీ పురికొస గానీ ఎనిమిది అంకెలా తిప్పి, వేలు దూరేంత వదులుగా కట్టాలమ్మా’ అన్నారు. ఆ ఒక్క వాక్యం మీ కాగితంలో ఉంటే సరిపోయేది.

ఇక వల. డబ్బా మీద ‘ఎండకు చెడదు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. మూడు నెలలు కాకముందే పోగులు నలిపితే పొడిపొడి అయ్యాయి. మొన్న ఈదురుగాలికి పైవైపు చిరిగి, మిగిలిన పాదంతా గచ్చు మీద పడింది. ఫొటోలు, బిల్లు జతచేశాను.

నా డబ్బు పూర్తిగా వెనక్కివ్వండి. వైరు బదులు మెత్తటి కట్లు పెట్టి, కాగితంలో ఆ మాట దిద్దండి. ఇప్పటికే కొన్నవాళ్లకు వెంటనే కబురు పెట్టండి. వాళ్ల పాదులకైనా వైరు ఇంకా లోపలికి దిగి ఉండకపోవచ్చు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కిట్టు కొన్న ఒక గృహిణి
కూకట్‌పల్లి