బుగ్గ పోయె, స్టిక్కర్ వచ్చె ఢాం ఢాం

సంపాదకుడికి,

2017 మే 1 నుంచి దేశంలో కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయి. రాష్ట్రపతికి, ప్రధానికి కూడా మినహాయింపు ఇవ్వలేదు. ఇక హోదా చూపించుకోవడం ఆగిపోతుందని మురిసిపోయాం. ఆగకపోగా అందరికీ అందుబాటులోకి వచ్చింది. బుగ్గ పెట్టుకోవాలంటే కనీసం పదవైనా ఉండాలి. స్టిక్కర్‌కు అదీ అక్కర్లేదు. పదవిలో ఉన్నాయన బావమరిదికి స్నేహితుడైనా చాలు.

2024లో పిఠాపురం సంగతి గుర్తుండే ఉంటుంది. మే 13న పోలింగ్ అయింది, లెక్కింపేమో జూన్ 4న. ఈలోపే బైకుల మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని వెలిసింది. అవతలి పక్షం ఊరుకుంటుందా? వాళ్లు తమ అభ్యర్థిని ఏకంగా డిప్యూటీ సీఎంను చేసేసి స్టిక్కర్లు కొట్టించారు. ఎమ్మెల్యే ఎవరో తేలకముందే తాలూకా తేలిపోయింది! సరదాకే అన్నారు. సరదాయే, కాదనను. కానీ కొందరు దాన్ని నంబర్ ఉండాల్సిన చోటే అంటించుకుని తిరిగారు.

అంటించుకున్నవాణ్ణి తిట్టడం తేలిక. పని జరుగుతోంది కాబట్టే అంటిస్తున్నాడు. తనిఖీ జరిగే చోట కాసేపు నిలబడి చూడండి. కానిస్టేబుల్ చెయ్యెత్తుతాడు, చూపు ముందు అద్దం మీదికి పోతుంది, ఎత్తిన చెయ్యి మెల్లగా దిగిపోతుంది. ఆయన్ని మాత్రం ఏమనగలం? ఆపితే ఫోన్ వస్తుంది. వెనకాలే హెల్మెట్ లేని కుర్రాడొకడు వస్తాడు, ఆనాటి చలానాల లెక్క సరిపోతుంది.

ప్రభుత్వం మారినప్పుడు స్టిక్కర్ కొట్ల దగ్గర గిరాకీ చూడాలి. పాత పేరు గోరుతో గోకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఇంకా పోని జిగురు మరక మీదే కొత్త పేరు అంటించుకుని పోతుంటారు. అదే కారు, అదే మనిషి. ఈ జాతికి ఓటమి లేదు.

నంబర్ ప్లేటు మీద నంబర్ తప్ప సొంత రాతలు ఉండకూడదని మోటారు వాహనాల నిబంధనలు ఎప్పుడో చెప్పాయి, కొత్త చట్టమేమీ అక్కర్లేదు. పోలీసులు అప్పుడప్పుడూ స్పెషల్ డ్రైవ్ పెడుతుంటారు కదా, ఈసారి దాన్ని నాలుగు రోడ్ల కూడలిలో కాకుండా కలెక్టరేట్ ఆవరణలో మొదలుపెట్టమని మనవి. బళ్లన్నీ అక్కడే ఆగి ఉంటాయి, వెంటపడి ఆపాల్సిన శ్రమ కూడా ఉండదు.

– ఒక పాఠకుడు, కాకినాడ