కరేబియన్ అంటే రిసార్టులేనా? ట్రినిడాడ్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కరేబియన్ దీవుల మీద వేసిన రెండు పేజీలు చదివాను. బహామాస్, అరూబా, తెల్ల ఇసుక, రిసార్టులో ఒక రాత్రికి ఎంతవుతుంది, ఏ నెలలో చవక, అన్నీ రాశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ ఒక్కచోట కూడా ట్రినిడాడ్ పేరు కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం. అమెరికాలో పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఈమధ్య సెలవులకి ఆ వైపు బాగానే వెళ్తున్నాయి. వెళ్ళి హోటల్ ప్రహరీ దాటకుండా, మూడు పూటలా అదే బఫే తిని తిరిగొస్తున్నారు, మా బంధువుల్లోనే రెండు కుటుంబాలు అలా వచ్చాయి. అంత డబ్బు పోసి వెళ్ళేవాళ్ళకి మన పేపరు ఇంకొంచెం మంచి దారి చూపించాలని నా కోరిక.

2024 మే నెలాఖరులో మా అమ్మాయి, అల్లుడు, మనవలతో కలిసి మేమిద్దరం తొమ్మిది రోజులు ట్రినిడాడ్, టొబాగో చూసొచ్చాం. న్యూయార్క్ నుంచి దాదాపు ఐదు గంటల విమానం. రెండు దీవులూ కలిపి ఒకే దేశం, వెనెజులా తీరానికి కూతవేటు దూరం. జనవరి నుంచి మే వరకు వానలు తక్కువ, జూన్‌లో మొదలవుతాయి, అందుకని మేం చివరి రోజుల్లో వెళ్ళినా ఎండే దొరికింది.

ముందు తిండి సంగతి చెప్తాను. విదేశం వెళ్ళే మన పెద్దవాళ్ళకి మొదటి టెన్షన్ అదే కదా, సూట్‌కేసులో సగం పచ్చళ్ళూ పొడులే ఉంటాయి. ట్రినిడాడ్‌కి ఆ బరువు మోయక్కర్లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ అమ్ముతారు. పసుపు కలిపిన మైదా పిండిని పలచగా వత్తి నూనెలో వేయించిన రెండు మెత్తటి రొట్టెలు, వాటిని బారా అంటారు, మధ్యలో శనగల కూర, పైన తురిమిన కీరదోసకాయ, చింతపండు చట్నీ, మిరపకాయ కారం. కాగితంలో చుట్టి చేతికిస్తారు, అక్కడే నిలబడి తినేయాలి. 1936లో ప్రిన్సెస్ టౌన్‌లో దీన్ అనే కుటుంబం మొదలుపెట్టింది. అప్పట్లో ఒక్క బారాయే ఇచ్చేవారట, కొనేవాళ్ళు 'డబుల్ చెయ్యి' అని అడిగీ అడిగీ ఆ పేరే స్థిరపడింది. మేం క్యూరెప్ కూడలి దగ్గర తిన్నాం. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు, స్కూలు పిల్లలు, పోలీసులు అందరూ ఒకే వరసలో నిలబడి తింటున్నారు, నల్లవాళ్ళూ భారతీయ మూలాలవాళ్ళూ అన్న తేడా అక్కడ ఏమీ లేదు. మా మనవడు రోజూ పొద్దున అదే కావాలన్నాడు.

కారం ఎంత వేయమంటారు అని అడుగుతారు, 'స్లైట్' అనండి చాలు. మాది గుంటూరు జిల్లా, మాకు కారం గురించి ఒకరు చెప్పేదేముంది అనుకుంటాం. గుంటూరు సన్నం కారం, మిరప ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో 35 నుంచి 40 వేలు ఉంటుంది. ఆ దీవి దక్షిణాన మొరుగా అనే ఊరి పేరు మీద స్కార్పియన్ అనే మిరప ఉంది, 2012లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షిస్తే సగటున 12 లక్షలు వచ్చింది, కొన్ని కాయలు 20 లక్షలు దాటాయి. కాబట్టి పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త.

దక్షిణంలో డెబె అనే ఊళ్ళో రోడ్డు పక్కన వరసగా బడ్డీ కొట్లు ఉంటాయి. ఫులౌరీ అంటే పప్పు పిండితో వేసిన పునుగులే, చింతపండు చట్నీతో ఇస్తారు. బైగనీ మన వంకాయ బజ్జీ. సహీనా అంటే చేమాకుని పప్పు పిండితో కలిపి వేయించేది, ఇది మాత్రం వదలొద్దు. ఇక రోటీ షాపుకి వెళ్తే దాల్‌పురి అడగండి, రుబ్బిన పప్పు లోపల పెట్టి చేసే పలచటి రొట్టె, తీపి లేని బొబ్బట్టు అనుకోండి. గుమ్మడికాయ కూర, బొబ్బర్ల కాయల కూర, ఆలూ శనగలు ఏవి కావాలంటే అవి వేసి మడిచి ఇస్తారు. శాకాహారులకి ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు కుచేలా అని పచ్చిమామిడి తురుముతో పెట్టే ఊరగాయ ఒకటుంది, ఆవనూనె వాసన వస్తుంది, మావారికి అది నచ్చి రెండు సీసాలు తెచ్చుకున్నారు.

బీచ్‌లకి వస్తే, రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కొండల మీదుగా మెలికలు తిరుగుతూ వెళ్ళే ఉత్తర తీరం రోడ్డు ఎక్కితే మరాకస్ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం వేసిన రోడ్డు అది. పైనుంచి చూస్తే పచ్చటి కొండల ఒడిలో వంపు తిరిగిన తీరం. అలలు గట్టిగా ఉంటాయి, ఎర్ర జెండా పెట్టి ఉంటే నీళ్ళలో దిగొద్దు, లైఫ్‌గార్డులు ఉంటారు, వాళ్ళ మాట వినండి. మన సూర్యలంకలోనూ రామాపురంలోనూ ప్రతి ఏడూ పిల్లలు కొట్టుకుపోయిన వార్తలు చదివి చదివి ఉన్నాం కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఒడ్డున బేక్ అండ్ షార్క్ అని అమ్ముతారు, వేయించిన రొట్టెలో సొరచేప ముక్క పెట్టి, కొత్తిమీర వాసన వచ్చే చాడన్ బెని అనే ఆకు చట్నీ, వెల్లుల్లి, చింతపండు అన్నీ మనమే వేసుకోవచ్చు. సొరచేపలు ప్రపంచమంతటా తగ్గిపోతున్నాయి, అందుకని మేం దాని బదులు కింగ్‌ఫిష్ అడిగాం. మన వంజరమే. రుచికి ఏమాత్రం లోటు లేదు, మీరూ అలాగే అడగండి. అక్కణ్ణించి ఇంకాస్త ముందుకెళ్తే లాస్ క్యూవాస్, అక్కడ అలలు తక్కువ, పిల్లలకి బాగుంటుంది, కాకపోతే సాయంత్రం అయ్యేసరికి ఇసుక ఈగలు కుడతాయి, నాలుగింటికల్లా సర్దుకుంటే మంచిది.

టొబాగోకి ట్రినిడాడ్ నుంచి ఇరవై నిమిషాల పైచిలుకు విమానం, లేదా ఓడ. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక కావాలంటే అవి ఇక్కడే. పిజన్ పాయింట్ ఫొటోలకి బాగుంటుంది, టికెట్ ఉంది, జనం ఎక్కువ. నాకు మాత్రం ఇంగ్లిష్‌మన్స్ బే నచ్చింది, అడవి నేరుగా ఇసుక దాకా దిగొస్తుంది, హోటళ్ళ వరసలు లేవు. ఆ దీవి వెన్నెముక మీద ఉన్న అడవిని 1776లోనే చట్టం చేసి కాపాడారు, వానలు పడాలంటే చెట్లుండాలని. పశ్చిమార్ధగోళంలో అలా చట్టంతో కాపాడిన అడవుల్లో అదే పాతది అంటారు. నైలాన్ పూల్ అని సముద్రం మధ్యలో నడుము లోతు నీళ్ళ చోటు ఉంది, అడుగున తెల్ల ఇసుక, అద్దం అడుగున్న పడవల్లో తీసుకెళ్తారు, దారిలో బుకూ రీఫ్ అనే పగడాల దిబ్బ చూపిస్తారు. పగడాల మీద కాలు పెట్టొద్దు, ఇప్పటికే చాలా దెబ్బతిన్నాయి. స్టోర్ బే దగ్గర ఆడవాళ్ళు నడిపే కొట్లలో పీతల కూర, పిండి ముద్దలు పెడతారు. కొబ్బరిపాలు పోసిన ఆ పీతల పులుసు కోసమైనా టొబాగో వెళ్ళొచ్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. 1845 మే 30న కలకత్తా నుంచి మొదటి ఓడ ట్రినిడాడ్ చేరింది. అప్పటి నుంచి 1917 దాకా చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద లక్షా నలభై వేలకు పైగా మనవాళ్ళని తీసుకెళ్ళారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు వాళ్ళే, కానీ మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్ళాయి, వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళు ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీలు అన్నారు, భాష పోయింది. కానీ మద్రాసీ పూజ అని ఇప్పటికీ అమ్మవారికి చేసే కొలుపులు ఉన్నాయి, అక్కడ వాయించే వాయిద్యాన్ని 'తప్పు' అంటారు, అంటే మన డప్పు, తప్పెట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మే 30 అక్కడ సెలవు రోజు, ఇండియన్ అరైవల్ డే. ఆ రోజు మేం వాటర్‌లూ అనే పల్లెకి వెళ్ళాం. సముద్రంలో ఒక గుడి ఉంది. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో తీరాన గుడి కట్టుకున్నాడు. ఆ నేల చెరకు కంపెనీది. 1952లో గుడిని కూలగొట్టారు, ఆయన్ని 14 రోజులు జైల్లో పెట్టారు. బయటికొచ్చి ఆయన ఇంక నేల మీద కట్టనన్నాడు. సైకిలు మీద రాళ్ళూ సిమెంటూ మోసుకొచ్చి, ఆటుకి నీళ్ళు వెనక్కి పోయినప్పుడల్లా బురదలో పోసుకుంటూ, ఏళ్ళ తరబడి ఒక్కడే ఆ పని చేసి సముద్రంలో దారి వేసి గుడి కట్టాడు. 1995లో, మొదటి ఓడ వచ్చి 150 ఏళ్ళయిన సందర్భంగా దాన్ని మళ్ళీ బాగుచేసి కట్టారు. ఇప్పుడు ఆ దారి పొడవునా వెదురు గడలకి రంగురంగుల జెండాలు ఎగురుతుంటాయి, పక్కనే శ్మశానం, ఆయన విగ్రహం. మా మనవరాలికి పదకొండేళ్ళు, న్యూజెర్సీలో పుట్టి పెరిగింది, ఆ కథ విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పులు విడిచి ఆ దారి చివరిదాకా నడిచింది.

అక్కడికి దగ్గర్లోనే కరాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం, దత్తాత్రేయ ఆలయం. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి వారి దత్తపీఠానిదే, విజయవాడ పటమట ఆశ్రమం తెలిసినవాళ్ళు లోపలికి వెళ్తే మన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. కూలీలని మొదట దింపిన నెల్సన్ ఐలండ్‌ని మాత్రం మేం చూడలేకపోయాం, పడవలు రోజూ ఉండవు, ముందే కనుక్కుని వెళ్ళండి.

సాయంత్రం ఒకటి కరోని మడ అడవులకి కేటాయించండి. మా నిజాంపట్నం మడలు గుర్తొచ్చాయి. పొద్దువాలే వేళకి స్కార్లెట్ ఐబిస్ అనే నెత్తురు రంగు పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి చెట్ల మీద వాలతాయి, పచ్చటి చెట్టు కళ్ళముందే ఎర్రబడిపోతుంది. లా బ్రియాలో తారు చెరువు కూడా చూశాం, సుమారు వంద ఎకరాల సహజమైన తారు, దాని మీద నడవొచ్చు. ఒక గంట చాలు.

గ్రాండ్ రివియేర్ అనే ఊరి తీరంలో చూసింది మాత్రం జన్మలో మర్చిపోను. మార్చి నుంచి ఆగస్టు దాకా లెదర్‌బ్యాక్ అనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీలు నలభై, యాభై కిలోలు ఉంటాయి. ఇవి మూడు నాలుగొందల కిలోలు కూడా తూగుతాయి, పైన గట్టి చిప్ప ఉండదు, తోలు లాంటి వీపు. పర్మిట్ తీసుకుని గైడు వెంట రాత్రి చీకట్లో వెళ్ళాలి, ఫోన్ లైటు వేయకూడదు, ఫ్లాష్ అస్సలు వద్దు. గైడు చేతిలో చిన్న ఎర్ర దీపం. ఆ తల్లి వెనక కాళ్ళతో ఒక్కో దోసెడూ ఇసుక తీసి గుంట తవ్వి గుడ్లు పెట్టి, మళ్ళీ పూడ్చి, అడుగడుక్కీ ఆగి ఊపిరి పీలుస్తూ సముద్రంలోకి వెళ్ళేసరికి గంటన్నర పట్టింది. ఒకప్పుడు ఈ తాబేళ్ళని కోసుకుతిన్న ఊళ్ళే ఇప్పుడు రాత్రంతా కాపలా కాస్తున్నాయి, ఆ గైడుల ఇంటి ఖర్చు దాని మీదే నడుస్తోంది. మన సూర్యలంక, నిజాంపట్నం వైపు కూడా చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ళ ఫొటోలు మీ పేపర్లోనే చూస్తుంటాం, ఈ పద్ధతి మన వైపు మత్స్యకార గ్రామాల్లో ఎందుకు పెట్టుకోకూడదో ఎవరైనా రాయండి.

వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సినవి కూడా మీ వ్యాసంలో లేవు. ట్రినిడాడ్ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కణ్ణించి బయల్దేరి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి. మా టికెట్లు కొన్న ఏజెంటు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు, మేం తర్వాత నెల రోజులు అమెరికాలోనే ఉన్నాం కాబట్టి సరిపోయింది. సైనికుల బట్టల్లాంటి మచ్చల చొక్కాలు, ప్యాంట్లు అక్కడ వేసుకోవడం నేరం, పిల్లల బట్టలు సర్దేటప్పుడు చూసుకోండి. నేరాల సంగతి కూడా దాచకూడదు. 2024 డిసెంబరు చివర్లో ఎమర్జెన్సీ పెట్టారు, 2025లో మళ్ళీ పెట్టారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చీకటి పడ్డాక నడిచి తిరగొద్దు, తెలిసిన డ్రైవర్‌ని మాట్లాడుకోండి, వెళ్ళే ముందు అప్పటి పరిస్థితి కనుక్కోండి. మేం అలాగే చేశాం, మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఒప్పంద కూలీల ఓడల రికార్డులు ట్రినిడాడ్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మీ విలేకరుల్లో ఎవరినైనా వాటిలో మద్రాసు ఓడల పేర్లు చదవమని పంపండి, లేదా అమెరికాలో ఉన్న మీ ప్రతినిధికి అప్పజెప్పండి. వచ్చే మే 30కి ఆ కథనం వేస్తే మా వీధిలో నాలుగు కాపీలు అదనంగా నేనే కొంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ టీచర్,
తెనాలి