నొప్పి లేని క్లోమం జబ్బునూ పట్టించుకోవాలి

సంపాదకులకు,

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (తిన్నది అరిగించే ఎంజైమ్‌లనూ, ఇన్సులిన్‌నూ తయారుచేసే క్లోమం ఏళ్ల తరబడి వాచి దెబ్బతినడం) అనగానే పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడుచుకెళ్లే నొప్పే గుర్తొస్తుంది. ఆ నొప్పి లేకపోతే క్లోమం సంగతి ఎవరికీ తట్టదు. కానీ ఈ జబ్బున్న వందమందిలో సుమారు 10 నుంచి 20 మందికి నొప్పే ఉండదు. వయసు మళ్లాక, మద్యం వంటి కారణమేదీ లేకుండా మొదలైనవారిలోనైతే దాదాపు సగం మందికి ఉండదు. జబ్బు చప్పుడు లేకుండా ముదరడమంటే ఏమిటో ఉద్దానం కిడ్నీ రోగులను చూసిన మన జిల్లాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటివారు ఆస్పత్రికి వచ్చేది షుగర్ కోసమో, చిక్కిపోతున్నామనో. సన్నటి మనిషికి షుగర్ వచ్చి మాత్రలకు లొంగకపోతే, విరేచనం ఎలా అవుతోందో అడగాలి. పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో, రెండు చెంబులు పోసినా బేసిన్‌ను వదలకుండా ఉంటే, నీళ్లపై నూనె తేలితే మామూలు అజీర్తి అనుకోవద్దు. కొవ్వును అరిగించే లైపేజ్ పదో వంతుకు పడిపోయాకే ఇది బయటపడుతుంది. అల్ట్రాసౌండ్ బాగుందని వదిలేయొద్దు. గ్యాస్ అడ్డొస్తే క్లోమం సరిగా కనిపించదు, రాళ్లు సీటీలో తెలుస్తాయి. మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమం ఎంజైమ్ గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపుంటే అనుమానించాలి. నీళ్ల విరేచనాలప్పుడు మాత్రం నమూనా ఇవ్వకూడదు, పలచబడి తప్పుగా తక్కువ చూపిస్తుంది.

పొరపాట్లు ఎక్కువ జరిగేది క్లోమం ఇవ్వలేని ఎంజైమ్‌లను అందించే క్యాప్సూల్స్ దగ్గర. ‘రోజుకు మూడు’ అని రాస్తే పరగడుపున ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి మింగేస్తారు. అన్నంతో కలిస్తేనే అవి పనిచేస్తాయి. పెద్దలకు సాధారణంగా భోజనానికి 40 నుంచి 50 వేల యూనిట్ల లైపేజ్, చిరుతిండికి అందులో సగం. మొదటి ముద్దతో కొంత, నడుమ మిగతాది. లోపలి గుళికలు నమిలితే పైపూత పోయి కడుపులోని ఆమ్లం మందును పాడుచేస్తుంది. గుప్పెడు పలాస జీడిపప్పు తిన్నా క్యాప్సూల్ పడాల్సిందే. నూనె, నెయ్యి పూర్తిగా మాన్పించడం ఇంకో తప్పు, చిక్కిన మనిషి మరింత చిక్కిపోతాడు. పొగ, మద్యం మాత్రం నొప్పి లేకపోయినా మానాలి.

ఈ రకం షుగర్‌లో ఇన్సులిన్‌తోపాటు చక్కెరను నిలబెట్టే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది. ఇంజెక్షన్ చేసుకున్నాక అన్నం ఆలస్యమైతే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. గ్లూకోజ్ పొట్లం దగ్గర ఉంచుకోవాలి.

షుగర్ శిబిరాల్లో బరువు తగ్గడం, జిడ్డు విరేచనాల గురించి రెండు ప్రశ్నలు చేర్చాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాం.

— జీర్ణకోశ వ్యాధుల వైద్యబృందం,
శ్రీకాకుళం